అతికించని నోటీసు, పెట్టని సంతకం: ఒక బిల్ కలెక్టర్ కేసు

2025 ఏప్రిల్‌లో ఒక గురువారం, రాత్రి తొమ్మిది దాటాక ఆయన నారాయణగూడలోని మా ఆఫీసుకు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే ఫోన్ తీసి ఒక కాగితం ఫోటో చూపించారు. ఇంటి కూల్చివేత నోటీసు అతికించామని ధ్రువీకరించే, జిరాక్స్ తీసిన ఫార్మాట్ అది. "ఇంటి యజమాని నోటీసు తీసుకొనుటకు నిరాకరించినందున పంచుల సమక్షమున తలుపునకు అతికించడమైనది" అని ఉంది. తేదీ అప్పటికే నీలం పెన్నుతో రాసేశారు, మార్చి 24. కింద అతికించినవారి సంతకం ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. అలాంటివి మొత్తం పదకొండు.

"సార్, ఈ నోటీసులు నేను చూసిందే ఇయ్యాల పొద్దున. పదిహేడు రోజుల కింద అతికిచ్చిన అని ఎట్ల రాసిస్త?" అన్నారు.

ఆయన నగర శివారులోని ఒక పురపాలక సంస్థలో బిల్ కలెక్టర్. ఏ సంస్థో, ఏ వార్డో చెప్పను. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నేను ఎక్కువగా చూసేది ఉద్యోగుల సర్వీస్ కేసులు: సస్పెన్షన్లు, ప్రమోషన్లు, పెన్షన్లు. ప్రభుత్వం తప్పు చేస్తుంటే అందులో పనిచేసే చిన్న ఉద్యోగి ఏం చేయాలి, ఎంతవరకు చేయగలడు అన్న ప్రశ్న ఇంత సూటిగా నా బల్ల మీదికి వచ్చిన కేసు ఇంకొకటి లేదు.

ఆ పదిహేడు రోజుల లెక్క ఎక్కడిదో నాకు వెంటనే తెలిసిపోయింది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలిచ్చింది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికి కూడా అతికించాలి, కనీసం పదిహేను రోజుల గడువివ్వాలి, నోటీసు ఇచ్చినట్టు కలెక్టర్ ఆఫీసుకు ఈమెయిల్ చేయాలి, కూల్చేటప్పుడు వీడియో తీయాలి. వీటిని మీరిన అధికారి కూల్చిన ఇంటిని సొంత ఖర్చుతో పూర్వస్థితికి తేవాలి, నష్టపరిహారమూ కట్టాలి. పదిహేను రోజులు ఆగే ఓపిక లేనివాళ్లు తేదీని వెనక్కి జరిపారు. ఆ తేదీ నిజం కావాలంటే ఒక మనిషి సంతకం కావాలి.

నాలా పక్కన పదకొండు ఇళ్లు. పద్నాలుగేళ్లుగా వాటి ఆస్తిపన్ను వసూలు చేసింది ఈయనే. రసీదులన్నీ ఆయన చేత్తో ఇచ్చినవే. అందులో ఒక ఇంటి ముసలమ్మ కొంగుముడి విప్పి పది రూపాయల నోట్లు లెక్కపెట్టి, "సరిగ్గున్నయా బిల్లు సారూ" అని రెండోసారి లెక్క పెట్టించుకునేదట. ఆ ఇళ్లు ఉండవచ్చా, నాలాకు ఎంత దూరంలో ఉన్నాయి అనేది వేరే ప్రశ్న, దాని మీద ఇప్పటికీ వాదం నడుస్తోంది. ఆయన మాత్రం ఆ వాదంలోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. "ఇండ్లు తప్పయితె తప్పే సార్. కని నేను అతికియ్యలేదు కద" అన్నదొక్కటే ఆయన మాట.

నేనిచ్చిన మొదటి సలహా చెప్పాలి. "మెడికల్ లీవ్ పెట్టండి, నాలుగు రోజులు కనపడకండి" అన్నాను. సర్వీస్ కేసులు చూసే వకీలు ఎవరైనా ముందు చెప్పేది ఇదే, క్లయింట్ ఉద్యోగం కాపాడాలి కాబట్టి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను లీవ్ పెడ్తే పక్కోడితోని పెట్టిస్తరు సార్. ఇండ్లయితె పోతయి కద" అన్నారు. అప్పుడు నాకు సిగ్గనిపించింది. ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలో అడగడానికి వచ్చాడనుకున్నాను. ఆయన ఆ తప్పును ఆపే దారి అడుగుతున్నారు. పక్కకు తప్పుకుంటే చేతికి మట్టి అంటదు గానీ తప్పు జరగడం ఆగదు. తప్పుకోవడానికీ ఎదురు నిలవడానికీ ఉన్న తేడా ఆయనకు నాకంటే ముందే తెలుసు.

ఆ రాత్రి చట్టం ఏమంటుందో ఆయనకు విడమరిచి చెప్పాను. ప్రభుత్వోద్యోగి ఒకరికి నష్టం కలుగుతుందని తెలిసి తప్పుడు పత్రం తయారుచేస్తే మూడేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలో ఇది 167వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 201. "పైసారు చెప్పిండు అంటే నడవదా?" అని అడిగారు. నడవదు. చట్ట ప్రకారం చేసి తీరాల్సిన పని చేసినవాడికీ, జరిగిన విషయాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని అలా చేయాలనే నమ్మి చేసినవాడికీ సంహితలోని 14వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అతికించలేదని తెలిసీ అతికించానని రాస్తే అందులో పొరపాటెక్కడుంది? 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు బూటకపు ఎన్‌కౌంటర్ల గురించి పోలీసులకు ఇదే చెప్పింది. పై అధికారి ఆదేశమన్నది సాకు కాదని, నాజీల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణను గుర్తుచేసి మరీ హెచ్చరించింది. హత్యకూ నోటీసు కాగితానికీ పోలిక ఉందని నేననను. కానీ "నాకు చెప్పారు, నేను చేశాను" అన్న వాక్యాన్ని చట్టం రెండు చోట్లా ఒకేలా చూస్తుంది.

పెద్ద పనికొచ్చిన తీర్పు వేరే ఉంది. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసి రిటైరైన టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ వేసిన కేసులో 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయకూడదు, వాటిని కాగితం మీద పెట్టాలి అని చెప్పింది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లోనూ ఇది ఉంది. పై అధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి. నోటితో చెబితే కింది ఉద్యోగి దాన్ని రాతలో అడగాలి, అడిగితే ఇవ్వడం పై అధికారి విధి. మన ఆఫీసుల్లో ఇది తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా నోరు తెరిచి అడిగేవాళ్లు ఇంకా తక్కువ. తప్పుడు పని చెప్పేవాడు దాదాపు ఎప్పుడూ నోటితోనే చెబుతాడు. రాసివ్వమని అడిగిన క్షణంలోనే చాలా ఆదేశాలు మాయమైపోతాయి. ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో ఇది నేను చాలాసార్లు చూశాను.

అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక ఉత్తరం రాశాం. మూడుసార్లు కొట్టేసి రాస్తే చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి:

"ఈ రోజు ఉదయం తమరు పదకొండు నోటీసులను మార్చి 24న అతికించినట్లుగా ధ్రువీకరిస్తూ సంతకం చేయవలసిందిగా నన్ను మౌఖికంగా ఆదేశించారు. సదరు నోటీసులను ఆ తేదీన గానీ, ఆ తర్వాత గానీ నేను అతికించలేదు, కావున ఆ విధంగా ధ్రువీకరించలేను. తమరి ఆదేశాన్ని లిఖితపూర్వకంగా ఇప్పించగలరు. ఈ రోజు అతికించమని ఆదేశిస్తే వెంటనే వెళ్లి అతికించి, నేటి తేదీతో ధ్రువీకరించుటకు సిద్ధంగా ఉన్నాను."

ఇందులో ప్రాణమంతా నాలుగో వాక్యంలో ఉంది. ఆయన మొదట రాసుకొచ్చిన చిత్తులో అది లేదు. అందులో కోపం ఉంది, బీదల ఇళ్ల గురించి ఉంది, పెద్ద బిల్డర్లను ఎందుకు ముట్టుకోరన్న నిలదీత ఉంది. అన్నీ న్యాయమైన మాటలే, కానీ వాటితో ఆయన మీద ధిక్కారం కేసు పెట్టడం తేలికవుతుంది. నాలుగో వాక్యం ఉంటే అలా కుదరదు. చట్టబద్ధమైన పని చెప్పండి, ఇప్పుడే చేస్తానంటున్న మనిషిని పని ఎగ్గొట్టాడని ఎలా అంటారు? తర్వాత హైకోర్టులో కేసు నిలబడింది కూడా దీని మీదే. ఎదిరించేటప్పుడు కూడా తన వంతు పని చేయడానికి సిద్ధంగా ఉండాలన్నది నేను ఆ ఉత్తరం రాస్తూ నేర్చుకున్నాను.

మర్నాడు శుక్రవారం ఆఫీసులో ఇన్‌వర్డ్ క్లర్క్ ఆ ఉత్తరం మీద ముద్ర వేయనన్నాడు. "సారును అడగాలె" అన్నాడట. ఇది ఊహించిందే. ఆబిడ్స్ జీపీవోకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్టు చేశాం, అదే పూట ఈమెయిల్ కూడా పంపాం. ఇక్కడే నా పొరపాటు జరిగింది. ఉత్తరం కాపీని కలెక్టర్ ఆఫీసుకు పంపించలేదు. సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం నోటీసుల సమాచారం చేరాల్సిన చోటు అదే కదా, అక్కడ ఒక ఈమెయిల్ పడి ఉంటే ఎవరైనా ఒక ఫోన్ చేసేవారేమో. సర్వీస్ కేసు కళ్లతో చూసి ఆయన రక్షణ గురించే ఆలోచించాను, ఇళ్ల గురించి ఆలోచించలేదు. బస్తీకి వెళ్లి చెప్పి వస్తానని ఆయన అంటే కూడా ఆపాను. ఆఫీసు కాగితాలు బయటివాళ్లకు చూపిస్తే అదొక కొత్త నేరమవుతుందన్నది నా భయం. కాగితం చూపించకుండా "జాగ్రత్తగా ఉండండమ్మా" అని ఒక మాట చెప్పి రమ్మని ఉండవచ్చు. చెప్పలేదు.

ఆ శనివారం రెండో శనివారం. తర్వాత ఆదివారం, సోమవారం అంబేద్కర్ జయంతి. మూడు రోజులు ఆఫీసులు మూత. సెలవు రోజుల్లో కూల్చివేతలేమిటని 2024 సెప్టెంబరులోనే మన హైకోర్టు అధికారులను నిలదీసింది. అయినా ఆదివారం తెల్లవారుజామున రెండు జేసీబీలు వచ్చాయి.

ఆరింటికి బస్తీ నుంచి ఎవరో ఆయనకు ఫోన్ చేశారు. ఆయన నాకు చేశారు. మా పాత జూనియర్ ఒకమ్మాయి ఇప్పుడు సొంతంగా ప్రాక్టీస్ చేస్తోంది. ఆ కుటుంబాల తరఫున ఆమె హౌస్ మోషన్ వేసింది. సెలవు రోజు న్యాయమూర్తి ఇంటి వద్దే విచారించే ఆ పద్ధతి లేకపోతే ఆ రోజు ఏమీ మిగిలేది కాదు. యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చి, అది ఫోన్లలో అక్కడికి చేరేసరికి నాలుగు ఇళ్లు పోయాయి. ఏడు నిలిచాయి. ముసలమ్మ ఇల్లు పోయిన నాలుగింటిలో ఒకటి.

మంగళవారం ఆయన చేతికి సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం, పై అధికారుల ఆదేశాల ధిక్కారం." ఏ ఆదేశమో అందులో లేదు. రాస్తే అది రాతపూర్వక ఆదేశం అయిపోతుంది మరి. సగం జీతంతో నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల గురించి ఎక్కువ రాయలేను. కూతురి కాలేజీ ఫీజు కోసం ఇంటామె గాజులు కుదువ పెట్టారు. ఆఫీసువాళ్లు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేవారట. ఒకసారి నా దగ్గర, "తప్పు చేసిన అనిపిస్తలేదు సార్, కని ఒంటిగ ఉన్న అనిపిస్తుంది" అన్నారు.

సస్పెన్షన్ మీద రిట్ వేశాం. సంస్థ తరఫు స్టాండింగ్ కౌన్సిల్ గట్టి వాదనే తెచ్చారు. అవి నాలా పక్కనున్న కట్టడాలు; రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, నీటివనరుల మీది ఆక్రమణలకు ఆ 2024 ఆదేశాలు వర్తించవని సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి నోటీసు గొడవే లేదు అన్నారు. మినహాయింపు ఉన్న మాట నిజం. నేను అడిగింది ఒక్కటే: నోటీసు అక్కర్లేదంటే, ఇచ్చినట్టు కాగితం ఎందుకు తయారు చేశారు? అక్కర్లేని కాగితం కోసం ఒక ఉద్యోగిని ఎందుకు సస్పెండ్ చేశారు? ఈ ప్రశ్నకు జవాబు రాలేదు.

కాగితాలు కూడా మాట్లాడాయి. ఆఫీసు అవుట్‌వర్డ్ రిజిస్టర్‌లో మార్చి 24 నాటి పేజీలో ఒక నంబరుకు, దాని తర్వాతి నంబరుకు మధ్య ఇరికించి "ఎ" అని ఒక బై నంబరు. అక్షరాలు చిన్నవి, పక్క వరుసల సిరా నలుపు, దీనిది నీలం. కలెక్టర్ ఆఫీసుకు ఆ తేదీన ఈమెయిల్ ఏదీ వెళ్లలేదు. ఇక నోటీసు అతికించిన ఫోటోలు. ఉదయం పదకొండింటికి అతికించామని పంచనామా చెబుతుంటే, ఫోటోలో ఫ్లాష్ వెలుగు తలుపు మీద గుండ్రంగా పడి చుట్టూ చీకటి ఉంది. ముసలమ్మ ఇంటి తలుపు పైన వాడిన మామిడాకుల తోరణం. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. 24న తీసిన ఫోటోలోకి ఉగాది తోరణం ఎలా వచ్చింది? తోరణం పెళ్లికీ కడతారు, అది సాక్ష్యంగా నిలవదని నాకూ తెలుసు. అయినా ఆ ఫోటోను ఫైల్లో పెట్టాను. అందరికంటే ముందు దాన్ని గమనించింది నా క్లయింటే.

మూడు నెలలు దాటినా ఛార్జ్ మెమో, అంటే ఆరోపణల పత్రం, ఇవ్వలేదు. అలా ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఉత్తరంలోని నాలుగో వాక్యం, ఆ తీర్పు, రిజిస్టర్ పేజీ, ఈ మూడింటి మీద ఆగస్టులో సస్పెన్షన్ రద్దయింది. తిరిగి అదే వార్డుకు వేశారు.

ఇప్పుడు సంతకం పెట్టినవాడి గురించి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అతనే.

శనివారం రాత్రి ఆ పదకొండు కాగితాల మీద సంతకం పెట్టింది అదే ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే కుర్రాడు. ఇరవై ఆరేళ్లు. ఏజెన్సీకి ఒక ఫోన్ కొడితే అతని ఉద్యోగం పోతుంది. సస్పెన్షన్, సగం జీతం, రిట్ లాంటివేవీ అతనికి లేవు. రాత్రి పదింటికి ఇంటికొచ్చి తీసుకెళ్లారు, నోటీసులు అతికింపజేశారు, ఫోటోలు తీయించారు, వెనకటి తేదీతో సంతకం పెట్టించారు. శాఖాపరమైన విచారణ మొదలు కాగానే అందరికంటే ముందు బయటికి పంపింది అతన్నే. జూన్‌లో అతను నా దగ్గరికి వచ్చాడు. "అన్న సంతకం పెట్టలేదని నాకు తెల్వదు సార్. తెలిస్తే నేను గూడ అడుగుదును" అన్నాడు.

ఇద్దరి కేసూ నేను చూడకూడదు, ఒకరి ప్రయోజనం ఇంకొకరికి అడ్డం వస్తుంది. వేరే వకీలు దగ్గరికి పంపాను. కానీ ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. 1950లో అంతర్జాతీయ న్యాయ సంఘం రాసిపెట్టిన న్యూరెంబర్గ్ సూత్రాల్లో నాలుగోది, పై ఆదేశం ప్రకారం చేశానన్నంత మాత్రాన బాధ్యత పోదని చెబుతూనే ఒక షరతు పెడుతుంది. నైతికంగా వేరే దారి ఎంచుకునే వీలు ఆ మనిషికి నిజంగా ఉండి ఉండాలి. ఆ కుర్రాడికి ఆ వీలు ఉందా? ఉంది, నా అభిప్రాయంలో. ప్రాణాపాయం లేదు, కాదంటే పోయేది పదహారు వేల ఉద్యోగం. కానీ ఆ పదహారు వేల మీద నలుగురు బతుకుతున్నారు. అతను తప్పు చేశాడు, చట్టం ముందు జవాబు చెప్పాలి. అదే సంతకం నా క్లయింట్ పెట్టి ఉంటే ఆ తప్పు ఇంకా పెద్దదయ్యేది. పర్మనెంట్ ఉద్యోగం, రూల్సు, కోర్టు దారి ఇవన్నీ మనకు ఉన్నది జీతం కోసమే కాదు, కాదనగలిగే బలం కోసం కూడా. ఆ బలం ఉన్నవాళ్లు కాదనకపోతే, భారం చివరికి ఆ బలం లేనివాడి నెత్తిన పడుతుంది. ఆ శనివారం రాత్రి అదే జరిగింది.

విచారణలో ఆ కుర్రాడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరు ఫోన్ చేశారు, ఎవరు తేదీ రాశారు, ఏ బండిలో తీసుకెళ్లారు, అన్నీ. చెప్పకపోతే మళ్లీ పనిలో పెట్టిస్తామన్న కబురు కూడా వచ్చిందట. ఆలస్యంగానైనా అతనూ ఎదిరించాడనే అంటాను.

మా ఆఫీసు నుంచి కాచిగూడ నడిచి వెళ్లేంత దూరం. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, నిజాం పాలననూ రజాకార్ల దౌర్జన్యాన్నీ కాదని రాసినందుకు, రజాకార్లు చంపింది అక్కడే. ఎదిరించడమంటే మనకు అంత పెద్ద మనుషులే గుర్తుకొస్తారు. వాళ్లను తలుచుకుని, మనవల్ల ఎక్కడవుతుందని పక్కకు తప్పుకుంటాం. ఈ కేసులో ఎదిరించడమంటే ఒక గడిని ఖాళీగా వదిలేయడం, నాలుగు వాక్యాలు రాయడం. దానికి కూడా నాలుగు నెలల సగం జీతం పట్టింది.

నోటితో ఆదేశమిచ్చిన అధికారి బదిలీ మీద వెళ్లారు, అంతే. ఆయన్ని ప్రాసిక్యూట్ చేయడానికి అనుమతి అడిగాం. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దానికోసం చూస్తున్నాం. ఏమీ కాదని నిరాశపడే కుటుంబాలకు నేను గుంటూరు కేసు చెబుతుంటాను. తహసీల్దారుగా ఉండగా హైకోర్టు ఉత్తర్వును కాదని గుడిసెలు కూల్పించిన ఒక అధికారి డిప్యూటీ కలెక్టర్ అయ్యారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆయన్ని మళ్లీ తహసీల్దారు స్థాయికి దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అయితే ఆ గుడిసెలు పడి పదకొండేళ్లు దాటాక. తప్పును బయటపెట్టేవాళ్లను కాపాడే చట్టాన్ని పార్లమెంటు 2014లో చేసింది, దాన్ని ఇంకా అమల్లోకే తేలేదు. అందుకే ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు గెలుస్తారని నేను మాట ఇవ్వను. ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను, కాపీ ఎవరెవరికి పంపాలో ఇప్పుడు మర్చిపోకుండా చెబుతాను.

నాలుగు ఇళ్లకు నష్టపరిహారం కోరుతూ వేసిన రిట్ ఇంకా విచారణకు రాలేదు. అక్టోబరులో రెండో అర్ధ సంవత్సరం పన్ను డిమాండ్ నోటీసులు కంప్యూటర్‌లో ప్రింటై వచ్చాయి. పోయిన నాలుగు ఇంటి నంబర్లకూ వచ్చాయి. నా క్లయింట్ వాటిని పట్టుకుని అక్కడికి వెళ్లారు. ముసలమ్మ కూతురింట్లో ఉంటోంది. మట్టికుప్ప పక్కన బండి ఆపి, రిమార్క్స్ గడిలో ఇలా రాశారు: "ఇల్లు లేదు. 2025 ఏప్రిల్ 13 ఆదివారం ఉదయం కూల్చివేయబడినది." కింద సంతకం, ఆ రోజు తేదీ. ఫోటో తీసి నాకు పంపారు. ప్రింట్ తీసి రిట్‌కు అనుబంధంగా జత చేశాను.